పెద్దవాళ్ళ చేతిలోంచి పని లాక్కోకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 60 దాటినవాళ్ళు ఎలా ఉండాలో రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, శ్రమ పడకండి, విశ్రాంతి తీసుకోండి అని ఉంది అందులో. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మిగతా రెండిటి గురించే ఈ ఉత్తరం. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఎముకల వార్డులోనే గడిచింది. ఇప్పుడు నాకు 71 ఏళ్ళు. విశ్రాంతి పేరుతో కూర్చోబెడితే మనిషి ఎంత త్వరగా పాడవుతాడో అప్పుడు వార్డులో చూశాను. ఇప్పుడు మా వీధిలోనూ, మా చుట్టాల ఇళ్ళలోనూ చూస్తున్నాను.

తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్ళని ఎలా పడ్డారని అడిగితే చాలామంది దాదాపు ఒకేలాంటి జవాబు చెప్పేవారు. రాత్రి బాత్రూంకి లేచి జారానని, గడప తగిలిందని, మంచం దిగుతుంటే తూలిపోయానని. కొబ్బరిచెట్టు మీంచో, మేడ మెట్ల మీంచో పడి వచ్చిన ముసలివాళ్ళు తక్కువ. పక్కనున్న కొడుకో కోడలో కన్నీళ్ళు పెట్టుకుని, "మేము ఏ పనీ చేయనివ్వమండీ, కూర్చున్న చోటికే అన్నీ అందిస్తాం, అయినా ఇలా అయింది" అనేవారు. ఆ పిల్లల ప్రేమలో లోపం లేదు. కానీ కాలు తూలినప్పుడు మనిషిని పడకుండా నిలబెట్టేది తొడ కండ, పిక్క కండ. ఆ కండ నడివయసు నుంచే కొద్దికొద్దిగా తరుగుతూ వస్తుంది, 60 దాటాక ఇంకా వేగంగా తరుగుతుంది. వాడకపోతే ఇక చెప్పక్కర్లేదు. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కొందరు పెద్దవాళ్ళని 10 రోజులపాటు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ఆ పది రోజులకే కాళ్ళలో కండ సుమారు కిలో తగ్గింది. జబ్బేమీ లేనివాళ్ళ సంగతి ఇది. జ్వరమొచ్చి రెండు వారాలు పడుకున్న తాతగారు మళ్ళీ వీధి అరుగు దాకా రాలేకపోవడానికి కారణం వయసు ఒక్కటే కాదు.

మా అక్క సంగతి చెబుతాను. మా అక్కది కడియపులంక. అక్కడ ఎటు చూసినా నర్సరీలే. కాపురానికి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆవిడ జీవితమంతా మట్టిలోనే. ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి కవర్లు నింపడం, మామిడి అంట్లు కట్టడం, తెల్లారకుండానే పైపు పట్టుకుని మొక్కలకి నీళ్ళు పెట్టడం, బేరానికి వచ్చినవాళ్ళతో మాట్లాడటం, అన్నీ తనే. 76వ ఏట నర్సరీలో తడినేల మీద జారి కూలబడింది. ఎముక విరగలేదు, చెయ్యి బెణికింది, అంతే. కొడుకులిద్దరూ హడలిపోయారు. ఇంక నర్సరీలో అడుగు పెట్టడానికి వీల్లేదమ్మా అని ఇంట్లో కూర్చోబెట్టారు. గదిలో ఏసీ పెట్టించారు, పెద్ద టీవీ కొన్నారు, కాఫీ, టిఫిన్ మంచం దగ్గరికే. కొన్ని నెలల తర్వాత నేను వెళ్ళేసరికి, లేవాలంటే మంచం కోడు పట్టుకుంటోంది అక్క. పగలంతా కునికిపాట్లు, రాత్రంతా మెలకువ. దానికో నిద్రమాత్ర. కదలిక లేక మలబద్ధకం, దానికో పొడి. ఇవన్నీ నేను వార్డులో చూసినవే. నాకు బెంగ పుట్టించింది వేరే. మనవరాలి పెళ్ళి సంబంధం గురించి హాల్లో అందరూ మాట్లాడుకుంటుంటే తనకేమీ పట్టనట్టు గోడకేసి చూస్తూ కూర్చుంది. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా అందరికన్నా ముందు తెలిసే మనిషి!

పెద్దవాడిని పక్కకి పిలిచి అడిగాను. "పిన్నీ, ఈ వయసులో అమ్మ చేత పని చేయిస్తున్నారని నలుగురూ అంటారు" అన్నాడు. "నలుగురి మాట తర్వాత చూద్దాం, ముందు మీ అమ్మ కాళ్ళు చూడరా" అన్నాను. వాడు తెలివైనవాడు, అర్థం చేసుకున్నాడు. షెడ్డులో నడుం ఎత్తున బల్ల వేయించాడు. వంగకుండా నిలబడి పని చేసుకోవచ్చు, అలసిపోతే వెనక ఆనుకునే కుర్చీ ఉంది. ఇంటి నుంచి షెడ్డు దాకా దారిలో నీళ్ళు నిలవకుండా గరుకు బండలు పరిపించాడు. జారే హవాయి చెప్పులు తీయించి వెనక పట్టీ ఉన్నవి కొన్నాడు. మొదట్లో ఎండెక్కకముందు ఒక గంట. కొన్నాళ్ళకి అక్కే సాయంత్రం కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. ఇప్పుడు కవర్లు మోయదు, పైపు లాగదు. కొత్తగా పనిలోకి వచ్చిన ఆడపిల్లలకి అంటు కట్టడం నేర్పుతుంది. ఏ కొమ్మ పనికొస్తుంది, కోత ఎంత ఏటవాలుగా ఉండాలి, ప్లాస్టిక్ పట్టీ ఎంత బిగించాలి, ఇవన్నీ ఆవిడ చేతికి తెలిసినంత బాగా ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. నిద్రమాత్ర డాక్టరుగారే మెల్లమెల్లగా తగ్గించి ఆపించేశారు. మంచం కోడు పట్టుకోకుండా లేస్తోంది. మనవరాలి పెళ్ళికి ఎవరెవరిని పిలవాలో జాబితా తనే చెప్పి రాయించింది.

అందరికీ నర్సరీ ఉండదు కదా అంటారు. నిజమే. అయినా ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి అలవాటైన పని ఏదో ఒకటి ఉంటుంది. కూరగాయలు తెచ్చేది ఆయనే, పాలు పొయ్యి మీద పెట్టేది ఆవిడే, కరెంటు బిల్లు కట్టొచ్చేది ఆయనే, పెరుగు తోడుపెట్టేది ఆవిడే. ఒక్కొక్కటీ మనం ప్రేమతోనే తీసేసుకుంటాం. ఆన్‌లైన్లో కట్టేస్తాంలే నాన్నా, పనమ్మాయి చేస్తుందిలే అత్తయ్యా. అన్నీ తీసేశాక రోజంతా వాళ్ళకి మిగిలేది టీవీ సీరియల్, మందుల డబ్బా. తర్వాత మనమే, అమ్మకి దేని మీదా ఆసక్తి లేదని బాధపడతాం.

చేతకాని పని చేయించమని నేను అనడం లేదు. గ్యాస్ స్టవ్ కట్టేయడం మర్చిపోతున్నవాళ్ళని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకూడదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు ఎంత శ్రమపడవచ్చో డాక్టరుని అడగాలి. పని పూర్తిగా మానిపించే ముందు, దాన్ని కొంచెం మార్చి ఇవ్వగలమా అని మాత్రం ఆలోచించండి. మా వాడు బల్ల వేయించినట్టు.

నా మటుకు నేను రాజమండ్రి దానవాయిపేటలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పొద్దున్న ఫిల్టర్లో డికాక్షన్ దిగేలోపు వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించుతాను. తర్వాత గట్టుకి రెండు వేళ్ళు మాత్రం ఆనించి ఒంటికాలి మీద నిలబడతాను, కాసేపు ఈ కాలు, కాసేపు ఆ కాలు. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటాను. దీనికి జిమ్ అక్కర్లేదు, ట్రాక్ ప్యాంటు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి శ్రమ ఉండాలని చెప్పింది. ఇది అన్ని పత్రికలూ రాస్తాయి. దానితోపాటు వారంలో కనీసం 2 రోజులు కండకి బలమిచ్చే కసరత్తు, 3 రోజులు తూలకుండా నిలబడే సాధన కూడా ఉండాలని చెప్పింది. ఈ మాట తెలుగులో నాకు అరుదుగా కనిపిస్తుంది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే చక్కగా నడిచే పెద్దాయనలు ఎందరో ఉన్నారు. వాళ్ళలో చాలామంది సిమెంటు బెంచీ మీంచి లేవాలంటే మోకాళ్ళ మీద చేతులు మోపాల్సిందే. నడక మంచిదే, నడక ఒక్కటీ చాలదు. మోకాళ్ళు బాగా అరిగినవాళ్ళు, తరచుగా కళ్ళు తిరిగేవాళ్ళు మాత్రం ఫిజియోథెరపిస్టుకి ఒకసారి చూపించుకుని మొదలుపెట్టాలి.

తిండి దగ్గర ఒక్క మాట. వయసు పెరిగేకొద్దీ తక్కువ తినాలని మనవాళ్ళకి ఒక నమ్మకం. రాత్రికి రెండు ఇడ్లీ చాలు, కాసిని పాలు, బిస్కెట్లు చాలు అంటారు. అన్నం తగ్గితే తగ్గనివ్వండి, మాంసకృత్తులు తగ్గకూడదు. కిలో బరువుకి రోజుకి కనీసం ఒక గ్రాము కావాలని పెద్దవాళ్ళ పోషణ గురించి పనిచేసే నిపుణులు చెబుతారు. 60 కిలోల మనిషికి 60 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. పప్పుచారు పైన తేటతో అన్నం కలుపుకుంటే లెక్కకి రానే రాదు. గట్టి పప్పు, పెసరట్టు, ఉడికించిన సెనగలు, పెరుగు, తినేవాళ్ళయితే గుడ్డు, చేప. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినంతే తినాలి. నీళ్ళు కూడా తగ్గకూడదు. పెద్దయ్యాక దాహం సరిగ్గా తెలియదు, పైగా రాత్రి లేవాల్సి వస్తుందని భయపడి తాగరు. రోహిణి కార్తెలో మా రాజమండ్రి ఎండకి అలా ఉంటే ప్రమాదమే. సాయంత్రం లోపే ఎక్కువ తాగేస్తే రాత్రి లేచే బాధ తగ్గుతుంది.

మందుల గురించి ఒక నర్సుగా నాకు చాలా కోపం ఉంది. ఇంటికొకటి చొప్పున స్వీటు డబ్బా నిండా బిళ్ళలు. బీపీకి ఒక డాక్టరు, షుగరుకి ఒక డాక్టరు, నొప్పులకి మందుల షాపు కుర్రాడు. ఎవరేం ఇచ్చారో ఇంకొకరికి తెలియదు. నిద్రమాత్ర వేసుకున్న మనిషి అర్ధరాత్రి బాత్రూంకి లేస్తే తూలుతాడు. బీపీ బిళ్ళ మోతాదు ఎక్కువైతే మంచం మీంచి లేవగానే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్ళలు నెలల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి బీ12 విటమిన్ తగ్గి అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, అడుగు సరిగ్గా పడదు. శాకాహారులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రక్తపరీక్షతో తెలిసిపోతుంది. దయచేసి ఆరు నెలలకోసారి ఆ డబ్బా డబ్బాగా సంచిలో పెట్టుకుని, మీకు నమ్మకమున్న ఒక్క డాక్టరు దగ్గరికి వెళ్ళి బల్ల మీద గుమ్మరించండి. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని అడగండి. సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి, ముఖ్యంగా నిద్రమాత్రలు.

ఇంక చెవులు. కళ్ళు మసకేస్తే శుక్లాల ఆపరేషన్ చేయించుకోవడానికి ఇప్పుడు ఎవరూ వెనకాడటం లేదు, సంతోషం. చెవి దగ్గరికి వచ్చేసరికి నామోషీ. మెషిన్ పెట్టుకుంటే ముసలివాళ్ళం అయిపోయామని నలుగురికీ తెలుస్తుందని. వినపడని మనిషి ముందు రెండోసారి అడుగుతాడు, విసుక్కుంటారని మూడోసారి అడగడం మానేస్తాడు, తర్వాత నలుగురిలో కూర్చోవడమే మానేస్తాడు. ఇంట్లోవాళ్ళు దానికి చాదస్తమనో, మతిమరుపనో పేరు పెడతారు. మతిమరుపు జబ్బు మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. మనం సరిదిద్దుకోగల కారణాలు 14 ఉన్నాయని, వాటిని పట్టించుకుంటే 45 శాతం దాకా కేసులు రాకుండా ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని తేల్చింది. ఆ పద్నాలుగులో వినికిడి తగ్గడం ఒకటి, చూపు తగ్గడం ఒకటి, బీపీ ఒకటి, మనుషులతో కలవకపోవడం ఒకటి. మా ఎదురింటి మాస్టారు రెండేళ్ళు వాయిదా వేసి, చివరికి కోడలి పోరు పడలేక మెషిన్ పెట్టించుకున్నారు. మొదటి నెల శబ్దాలన్నీ హోరుగా ఉన్నాయని తీసి సొరుగులో పడేశారు. కోడలు వదిలిపెట్టకుండా మళ్ళీ తీసుకెళ్ళి సరిచేయించింది. ఇప్పుడు గౌతమీ గ్రంథాలయంలో పేపరు చదివి, అక్కడి స్నేహితులతో వాదించి మరీ ఇంటికొస్తున్నారు. చెవి మెషిన్ ఒక్కరోజులో అలవాటు కాదు, కొన్ని వారాల ఓపిక కావాలి. ఈ మాట కొనే ముందే ఎవరైనా చెబితే ఎంతోమంది మధ్యలో వదిలేయరు.

మగవాళ్ళకి రిటైర్మెంట్ ఎక్కువ కష్టంగా ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఆడవాళ్ళకి వంటిల్లు, వ్రతాలు, ఇరుగుపొరుగు ఏదో ఒకటి ఉంటుంది. ఆఫీసే లోకంగా బతికిన ఆయనకి సన్మానం శాలువా, గోడ గడియారం ఇచ్చి పంపాక సోమవారం పొద్దున్న ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. వెళ్ళడానికి ఒక చోటు, అక్కడ మన కోసం చూసే మనిషి ఉండాలి. గోదావరి గట్టు మీద సాయంత్రం కూర్చునే నలుగురైనా సరే, గుళ్ళో భజన అయినా సరే, పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్పడమైనా సరే. ఆచార్య చిలుకూరి శాంతమ్మగారు 90 ఏళ్ళు దాటాక, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయి కర్రల సాయంతో నడుస్తూ కూడా, విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళి యూనివర్సిటీలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పారు. ఆవిడ చదువు మనకి లేదు అనుకునేవాళ్ళకి గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మగారు ఉన్నారు. వందేళ్ళు దాటాక కట్టెల పొయ్యి మీద వండుతూ యూట్యూబులో లక్షలమందికి అవ్వ అయ్యారు. పుచ్చకాయలో వండిన చికెన్ గుర్తుండే ఉంటుంది. 2018 డిసెంబరులో పోయేనాటికి ఆవిడకి 107 ఏళ్ళని పత్రికలు రాశాయి. ఆ వయసులో ఆవిడని పొయ్యి దగ్గరికి రానిచ్చిన ఇంటివాళ్ళకి నేను దణ్ణం పెడతాను.

విదేశాల్లో ఉన్న పిల్లలకి కూడా రెండు మాటలు చెప్పాలి. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇక్కడి ఇళ్ళలో కెమెరాలు పెట్టించారు, మనుషుల్ని పెట్టారు, ఆన్‌లైన్లో సరుకులు పంపిస్తారు. మంచిదే. ఫోన్ చేస్తే మాత్రం "తిన్నావా, మందులేసుకున్నావా, బయటికి వెళ్ళకు" అని మూడు మాటలు. తల్లిదండ్రులకి మాత్రమే తెలిసినవి ఏవైనా అడగండి. మా అమ్మాయి ఉలవచారు ఎందుకు చిక్కబడలేదని వీడియోలో గిన్నె చూపించి అడుగుతుంది. మా మనవడు తెలుగులో రాసిన వాక్యాలు ఫొటో తీసి పంపుతాడు. నేను కాగితం మీద తిరిగి రాసి, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, ఫొటో తీసి పంపుతాను. వాడికి "ళ" ఇంకా సరిగ్గా రావడం లేదు. వచ్చే వారానికి ఏం ఇవ్వాలా అని నేను ముందే ఆలోచించుకుంటాను.

మా వయసువాళ్ళు తెలుసుకోవలసినవి ఇంకో రెండు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి కార్డు ఇస్తున్నారు. 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్ తీసుకెళ్ళి చేయించుకోండి, జబ్బు వచ్చేదాకా ఆగకండి. ఇంట్లో హింస, ఆస్తి గొడవలు, ఒంటరితనం, ఏదైనా సరే చెప్పుకోవడానికి వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అంటించుకోండి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు బాగుచేసేటప్పుడు మెట్లకి రెండు పక్కలా, మధ్యలోనూ పట్టుకునే కడ్డీలు పెట్టమని అధికారులని వేడుకుంటున్నాను. గట్టు పొడుగునా నీడలో, వెనక ఆనుకునే బెంచీలు, దగ్గర్లో శుభ్రమైన టాయిలెట్లు ఉండాలి. టాయిలెట్ లేదన్న ఒక్క కారణంతో సాయంత్రం బయటికి రావడం మానేసిన ఆడవాళ్ళు నాకు ఎంతోమంది తెలుసు. పుష్కరాలు 12 రోజులు, ఆ కడ్డీలూ బెంచీలూ తర్వాత ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళని ఇంట్లోంచి బయటికి రప్పిస్తాయి.

మీకు కూడా ఒక విన్నపం. ఆరోగ్యం పేజీలో వారానికి ఒక్క కసరత్తు, ఒకే ఒక్కటి, పెద్ద ఫొటోతో, పెద్ద అక్షరాలతో వేయండి. కత్తిరించి వంటగదిలో అంటించుకునేలా ఉండాలి. ఫొటోలో కుర్రవాళ్ళని కాకుండా మా వయసువాళ్ళనే, చీరలో, పంచెలో నిలబెట్టండి. చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడకుండా ఒంటికాలి మీద ఎలా నిలబడాలో అప్పుడే తెలుస్తుంది. ఎవరూ దొరక్కపోతే కబురు పెట్టండి, నేను వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
దానవాయిపేట, రాజమహేంద్రవరం.